పారేసుకోలేని టోపీ

ఒసాకా కోట ముందు బెంచీ మీద తన ఎర్ర ఉన్ని టోపీని కావాలనే వదిలేసి లేచాడు యసునోరి.

"పద సచియో, ఆలస్యమవుతోంది" అంటూ భార్యను తొందరపెట్టాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

రెండు వందల అడుగులు వేశారో లేదో, వెనక నుంచి ఒక పెద్దాయన రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యా! అయ్యగారూ! మీ టోపీ!" అంటూ రెండు చేతులతో అందించి, మోకాళ్ళు పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

యసునోరి మొహం వాడిపోయింది. సచియో మాత్రం నడుం వంచి ఆయనకు నాలుగు దండాలు పెట్టింది.

"మొత్తానికి మీ నెత్తికే చేరిందండీ" అంది మొగుడితో.

నిరుడు నవంబరులో యసునోరికి అరవై నిండాయి. అరవై నిండినవాడికి ఎర్ర టోపీ పెట్టడం ఆనవాయితీ. పుట్టినరోజుకు ముందురోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి బల్ల మీద ఇది కనిపించింది. పండు మిరపకాయ రంగు. చెవులు నొక్కేసేంత బిగుతు. అయినా రోజుల తరబడి కూర్చుని అల్లిన మనిషి మనసు ఎలా కష్టపెడతాడు? నెత్తిన పెట్టుకుని, "అబ్బ, ఎంత బాగుందో!" అంటూ అద్దం ముందు గంతులేశాడు. సచియో కళ్ళప్పగించి చూస్తూ నిలబడిపోయింది. ఆ చూపు చూశాక, ఆ టోపీ లేకుండా గడప దాటితే ఒట్టు.

సొంత ఊరు తొత్తోరిలో ఫరవాలేదు, అందరికీ అలవాటైపోయింది. ఒసాకాలో రెండు రోజుల షికారు అనేసరికి వచ్చిపడింది చిక్కు. రేపు పన్నెండింటికి ఇక్కడ స్థిరపడిన బడి స్నేహితులతో భోజనం. వాళ్ళలో కురామొతో ఉన్నాడు. ఆరో తరగతిలో యసునోరి చొక్కా తిరగేసి తొడుక్కొచ్చిన సంగతి ఇప్పటికీ చెప్పి చెప్పి నవ్విస్తాడు. ఈ టోపీ కంటబడితే ఇంక చచ్చేదాకా వదలడు. ఆలోగా టోపీ పోవాలి. భార్య మనసు నొచ్చుకోకుండా పోవాలి. పోవడమంటే ఎవరి తప్పూ కాదు కదా!

మధ్యాహ్నం రైల్లో సీటు మీద వదిలేసి దిగాడు. తలుపులు మూసుకునే లోపల, చిరుతపులి మచ్చల చొక్కా వేసుకున్న ఒక పెద్దావిడ టోపీ పట్టుకుని కిందికి దూకింది.

"ఏమయ్యోయ్! తలకాయ కూడా రైల్లోనే మర్చిపోతావా ఏంటి?" అని స్టేషనంతా వినబడేలా అరిచింది. "నా రైలు పోయింది చూడు! పోతే పోయిందిలే, ఇంకోటొస్తుంది. చేత్తో అల్లిన టోపీ ఇంకోటొస్తుందా?"

సంచిలోంచి నాలుగు నిమ్మ బిళ్ళలు తీసి సచియో చేతిలో పోసింది. "ఈయన్ని కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా" అని అప్పగింతలు పెట్టింది. సచియో పడీ పడీ నవ్వింది.

జెయింట్ వీల్ ఎక్కారు. పడవ ఎక్కారు. వేడి వేడి ఆక్టోపస్ ఉండలు తిని ఇద్దరూ నాలుక కాల్చుకున్నారు. సచియో చిన్నపిల్లలా కేరింతలు కొడుతుంటే యసునోరికి ముచ్చటేసింది. ఇంత మంచిదాన్ని మోసం చేస్తున్నానే అని బాధ కూడా వేసింది. ఆ బాధతోనే సాయంత్రం క్యాబేజీ అట్ల దుకాణంలో టోపీని కూర్చునే దిండు కింద దోపాడు. దుకాణం యజమాని చేతిలో అట్లకాడతో వీధి చివరిదాకా వెంటపడి తెచ్చిచ్చాడు.

మర్నాడు పొద్దున టిఫినుకి వెళ్తూ హోటల్ గది చెత్తబుట్టలో వేశాడు. వాళ్ళు గది ఖాళీ చేసి కిందికి వచ్చేసరికి కౌంటరు మీద అది చక్కగా మడతపెట్టి, కాగితం సంచిలో సిద్ధంగా ఉంది. పైన చీటీ: 'పొరపాటున బుట్టలో జారిపడినట్టుంది. చాలా ముచ్చటైన టోపీ.'

"ఏంటండీ అది?" అంది సచియో.

"ఏముంది, టోపీ!" అన్నాడు నీరసంగా, చీటీ జేబులో కుక్కుకుంటూ. ఇంత పెద్ద ఊళ్ళో ఒక్క దొంగ కూడా లేడేమిట్రా అని మనసులోనే మొత్తుకున్నాడు.

పన్నెండు కావడానికి ఇరవై నిమిషాలుంది. భోజనాల హోటల్ పక్క వీధిలోనే. సచియో ఊరగాయల కొట్టులోకి వెళ్ళింది. యసునోరి బయట సందులో నిలబడి దిక్కులు చూశాడు.

సందు మలుపులో చిన్న గూడు. అందులో పిల్లల్ని కాచే దేవుడు, రాతి జిజో. మెడలో మొక్కుగా ఎవరో కట్టిన ఎర్ర గుడ్డ. తల మాత్రం బోడి.

యసునోరి కళ్ళు మెరిశాయి. దేవుడి నెత్తి మీది టోపీ లాక్కొచ్చి ఇచ్చేవాడు ఒసాకాలో ఎవడూ ఉండడు! గబగబా తొడిగాడు. అచ్చం కొలత తీసినట్టు సరిపోయింది. చేతులు జోడించి, "కాపాడావు స్వామీ" అన్నాడు మనస్ఫూర్తిగా.

సచియో బయటికొచ్చింది. "టోపీ ఏదండీ?"

"అయ్యయ్యో! ఎక్కడో పడిపోయినట్టుంది!" అని తల తడుముకున్నాడు.

సచియో చూపు అతని భుజం మీదుగా గూటి మీద పడింది. అలాగే నిలబడిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదరసాగాయి.

యసునోరికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏడవకు సచియో! తప్పు నాదే. కళ్ళు పోయేలా కూర్చుని నాకోసం అల్లావు. ఆ కురామొతో గాడు నవ్వుతాడని బుద్ధి గడ్డి తింది. ఉండు, ఇప్పుడే తీసి పెట్టుకుంటా" అంటూ గూటిలోకి చెయ్యి చాచాడు.

సచియో చటుక్కున ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్న మాట నిజమే గానీ, అవి నవ్వు ఆపుకోలేక వచ్చినవి.

"తీయకండి మహాప్రభో! మీ అరవయ్యేళ్ళకని నేను కొన్న చేతి గడియారం ఏడాదిగా బీరువాలోనే మూలుగుతోంది, ఆ టోపీ నేనల్లింది మన వీధి చివర జిజో స్వామికి!"