లోపలి నట్టు

నట్టు మళ్లీ జారి డ్రమ్ములో పడింది.

"కళ్లు యాడ పెట్టుకున్నావ్‌రా?" మహానందయ్య అరిచాడు.

పనివాడు కొండయ్య భుజం దాకా చెయ్యి దూర్చి డ్రమ్ములో తడుముతున్నాడు. జొన్నలు నూర్చే మిషను అది. జల్లెడ బిగించాలన్నా, విప్పాలన్నా ఒకరు బయట బోల్టు తిప్పుతుంటే ఇంకొకరు లోపల నట్టు పట్టుకోవాలి.

"ఆ నట్టును ఆడనే అతికించేస్తే పోతాది కదప్పా."

షాపు వాకిట్లో ముసలాయన. నెత్తిన తువ్వాలు, కాళ్లకు చెప్పుల్లేవు.

"ఎవరు నువ్వు?"

"యోబు అంటారు. సంజామల కాడ పల్లె."

"ఫిట్టరువా?"

"కూలోన్ని."

మహానందయ్యకు ఒళ్లు మండింది. ఆళ్లగడ్డలో ఇరవై ఏళ్లుగా ఈ మిషన్లు చేస్తున్నాడు. అప్పటిదాకా తప్పు పట్టినవాడు లేడు.

"కూలోనివి కూలికి పో. నాకు పని నేర్పొద్దు."

మరుసటి గురువారం ముసలాయన మళ్లీ వచ్చాడు. సంచిలోంచి జానెడు ఇనప రేకు తీశాడు. రంధ్రం వెనక నట్టు వెల్డింగు చేసి ఉంది.

"నంద్యాలలో చేయించినా. బోల్టు బిగించి మూడు చోట్ల వెల్డింగు చుక్క పెడితే నట్టు లోపలి మర చెడదంట. బయట్నుంచి ఒక్కనివే బిగించొచ్చు. లోపల చెయ్యి పెట్టే పనే ఉండదు."

మిషను కోసం వచ్చిన రైతులిద్దరు మెడలు చాచి చూశారు.

"బాగుందే" అన్నాడు వాళ్లలో ఒకాయన.

ఆ మాటతో మహానందయ్య కోపం రెట్టింపయింది. రేకు లాక్కుని రోడ్డు మీదికి విసిరాడు.

"నంద్యాల మిషనోళ్లు పంపినారా నిన్ను, నా మిషన్లకు వంకలు పెట్టమని?"

"ఎవరూ పంపలేదప్పా."

"మళ్లా ఈడ కనపడితే కాళ్లు ఇరగ్గొడతా."

యోబు రేకు ఏరుకుని, తువ్వాలుతో దుమ్ము తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రాలేదు. పీడ విరగడయిందనుకున్నాడు మహానందయ్య.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు కొండయ్య లోపల నట్టు పట్టుకుని ఉన్నాడు. చూసుకోకుండా మహానందయ్య బెల్టు లాగాడు. డ్రమ్ము గిర్రున తిరిగింది.

నంద్యాల ఆసుపత్రిలో కొండయ్యకు రెండు వేళ్లు తీసేశారు.

వరండాలో అతని భార్య ఓబులమ్మ మహానందయ్యను నిలేసింది.

"ముసలాయప్ప ఒకటికి రెండు తూర్లు వచ్చి చెప్పినాడంట. కూలోడని తరిమితివంట. మేమూ కూలోళ్లమేలే."



మహానందయ్య తిరిగొచ్చి షాపులో ఉన్న మిషన్లన్నిటికీ తన చేత్తోనే నట్లు అతికించాడు. మర్నాడు సంజామల బస్సెక్కాడు. బస్సులోనూ కోపమే. అంత తెలిసినవాడు ఇంకో నాలుగు మాటలు గట్టిగా చెప్పొద్దా? కాస్త తిడితేనే పారిపోవాలా?

పల్లెలో అడుగుతూ పోతే ఒక కొట్టం చూపించారు. ముందర ఒకామె చింతపండు కొడుతోంది. యోబు భార్య ఏసమ్మ.

"యోబు ఉన్నాడా?"

"నెలాయె పోయి. కామెర్లు."

మహానందయ్య అరుగు మీద కూర్చున్నాడు.

"మిషను పని గురించి మాట్లాడాలని వచ్చినా" అన్నాడు.

మిషను మాట వినగానే ఏసమ్మ చేతిలోని బండ ఆగింది.

"ఆ పేరెత్తొద్దు. మా ఒక్క కొడుకును తినేసింది మిషనే. ఎవరో వాడుకోని అమ్మిన పాతది, మా ఊరి రైతు కొన్యాడు. పిల్లోడు లోపల నట్టు పట్టుకోనుంటే అవతల ఇంజను తిప్పినారు. నంద్యాలకు చేరకముందే పాయె."

మహానందయ్య తల వంచుకున్నాడు. అందుకా ఆ ముసలాయనకు నట్టు మీద అంత పట్టుదల.

"పాపం, మిషన్లు చేసేటోళ్లందరి కాడికీ పోయి చెప్పినాడా?"

ఏసమ్మ కసిగా బండ ఎత్తింది.

"అందరి కాడికి యాడప్పా? మా పిల్లోన్ని తినిన ఆ మిషను చేసినాయప్ప ఒక్కని కాడికే పోయె. పోయి దుమ్మెత్తి పొయ్యమని నేనంటే, కొట్లాటకు పోతే తలుపేసుకుంటాడు, కొడుకు మాట ఎత్తకుండా నట్టు మాట ఒక్కటే చెప్పొస్తా అన్యాడు."