గోవిందమ్మ వేసిన మార్కులు

"ఆసుపత్రామె మళ్లీ వచ్చిండాది" అంది భార్య రుక్మిణమ్మ.

భాస్కరయ్యకు ఒళ్లు మండింది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

హిందూపురంలో బెల్లం మండీని ఒంటిచేత్తో నడిపిన మనిషి. పంతొమ్మిది వందల అరవై మూడులో పేగులో పుండు పడితే బెంగళూరులో ఆపరేషన్ చేసి, మలం పోవడానికి పొట్ట మీదే దారి పెట్టారు. దానికి రబ్బరు సంచి కట్టారు. అప్పట్నుంచి గడప దాటలేదు. వాసన వస్తుందేమోనని గంటకోసారి తడుముకుంటాడు.

గోవిందమ్మ లోపలికొచ్చి నోటుబుక్కు తెరిచింది. మూడు నెలలుగా, నెలకోసారి ఇదే వరస. పది ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు మార్కులు.

"వీధిలోకి పోతాండావా అన్నా?"

"లేదు."

సున్నా వేసింది.

"సంచి నువ్వే మార్చుకుంటాండావా?"

"ఊఁ."

"నాలుగు."

"ఐదెందుకు గాదు?"

"చెప్పేటప్పుడే ముఖం చిట్లిస్తివి గదా. సరే, కడుపునిండా తింటాండావా?"

"తింటాండా."

"యాడ తింటాడమ్మా ఆయప్ప! రెండు ముద్దలకే చెయ్యి కడిగేస్తాడు" అంది రుక్మిణమ్మ.

గోవిందమ్మ ఇంకో సున్నా వేసింది.

భాస్కరయ్య దిగ్గున లేచి కూర్చున్నాడు.

"పో ఈడ్నుంచి! నేనేమన్నా బడికి పోయే పిల్లోడినా మార్కులేసేదానికి? మళ్లా నా గడప తొక్కొద్దు!"

ఆమె పుస్తకం మూసింది. "తిను అన్నా" అని మాత్రం అని, వెళ్లిపోయింది.

ఆ సున్నాలు అతణ్ణి కుదురుగా ఉండనివ్వలేదు. మర్నాడు పంతం కొద్దీ మూడో ముద్ద తిన్నాడు. వారానికల్లా మండీ దాకా నడిచాడు. వేలంపాట మధ్యలో సంచి నిండినట్టనిపించి లేవబోయాడు.

"కూచ్చోప్పా! నువ్వు లేక ఇన్నాళ్లూ పాటకు ఊపే లేదు" అన్నాడు పక్కనున్న వ్యాపారి కుళ్ళాయప్ప.

చుట్టూ చూశాడు. ఎవరూ ముక్కు మూసుకోలేదు. కూర్చున్నాడు.

తర్వాతి నెల వాకిట్లో కాచుకున్నాడు. గోవిందమ్మ రాలేదు. ఆ పై నెలా రాలేదు.

చివరికి తనకు తానే మార్కులు వేసుకున్నాడు. యాభైకి నలభై ఒకటి. ఆ కాగితం జేబులో పెట్టుకుని బెంగళూరు రైలెక్కాడు.

ఆసుపత్రిలో సరస్వతమ్మ అని పెద్ద నర్సు. హిందూపురం దగ్గరి పరిగి వైపు మనిషి.

"గోవిందమ్మ యాడుండాదమ్మా? ఈ మార్కులు చూపించాల."

సరస్వతమ్మ అతణ్ణి బల్ల మీద కూర్చోబెట్టింది.

"ఆమె పోయిందన్నా. పెనుకొండలో ఇట్లాంటాయన్నే చూసేదానికి, స్టేషన్ నుంచి నడిచిపోతా వడదెబ్బకు పడిపోయింది."

భాస్కరయ్యకు కోపం వచ్చింది.

"అంత ఎండలో ఆడమనిషిని ఎట్ల పంపిస్తిరమ్మా?"

"మేమెవురం పంపలేదన్నా. ఆమె ఆసుపత్రి మనిషే గాదు. బతిమాలితే అడ్రసులు నేనే ఇచ్చినా."

"మరి ఎవురామె?"

"ధర్మవరంలో మగ్గం నేసే ఇల్లు. ఆమె మొగునికీ ఇదే ఆపరేషన్ అయ్యింది. సిగ్గుతో తలుపేసుకుని, తిండి మానుకుని మూడు నెలలకే పోయినాడు. అన్ని దినాల్లో నేనన్నా ఆయప్పను ఎట్లుండావని ఒక్కమాట అడగలేదే అని ఏడ్చేది."