జుబ్బా చేతిలో అక్రోటు

“మింగాడు! రంజాన్ నెలలో, పట్టపగలు, మన కళ్ల ముందే మింగాడు!”

మాంసం కొట్టు ఖద్దూర్ వేసిన కేకకి మెక్నెస్ ఊరి కోట గుమ్మం ముందున్న మైదానమంతా ఇటు తిరిగింది. గుంపు మధ్యలో కూర్చున్న ముసలి జిలాలీ మాత్రం పొట్ట నిమురుకుంటూ నవ్వుతున్నాడు. పక్కన డప్పు కొడుతున్న అతని భార్య యామ్నా చేతులు ఆగిపోయాయి.

జిలాలీ కాయ మింగడం ఆ ఊరికి కొత్తేమీ కాదు. పెంకుతో సహా అక్రోటు కాయని గుటుక్కున మింగి, జనం అడిగాక పైకి తెచ్చి అరచేతిలో పెట్టేవాడు. అది కడుపులోకే పోతుందని సగం ఊరు, కాదు జుబ్బా చేతిలో దాస్తాడని సగం ఊరు ఎప్పుడూ వాదులాడుకునేవాళ్లు. ఒక్క రంజాన్ నెలలోనే ఆ విద్య కట్టిపెట్టి, పొద్దు గుంకేదాకా కథలు చెప్పి జనానికి ఆకలి మరిపించేవాడు. ఇవాళా కథే చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ, ముందు వరసలో ఉన్న పప్పులమ్మే హమ్మూ గంపలోంచి ఒక అక్రోటు కాయ తీసి నోట్లో వేసుకున్నాడు.

“నాలుక పిడచకట్టుకుపోయి మేమంతా ఇక్కడ చస్తుంటే, నువ్వు కులాసాగా మింగుతావా? దేవుడంటే భయం లేదూ?” అన్నాడు ఖద్దూర్. అతనికి రోజుకి పెట్టెడు సిగరెట్లు కావాలి. ఉపవాసపు సాయంత్రాల్లో కోపం ముక్కు మీదే ఉంటుంది.

“భయమెందుకు లేదూ? కాయ కావాలా నీకు? అడుగు, తీసిస్తా!” అన్నాడు జిలాలీ హుషారుగా.

దాంతో జనం భగ్గుమన్నారు. ఎవరో చెప్పు విసిరారు. “పోలీసుని పిలవండి! బజార్లో కూచుని ఉపవాసం చెడగొడితే జైలే!” అని ఇంకెవరో అరిచారు. గుమ్మం దగ్గరున్న పోలీసు అప్పటికే లాఠీ ఊపుకుంటూ బయల్దేరాడు.

అంతలో మసీదు ఇమాం తయ్యిబ్ గుంపుని తోసుకుని ముందుకొచ్చాడు. నెమ్మదైన మనిషి. జిలాలీ పక్కన గొంతుక్కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

“ఆగండయ్యా. మరిచిపోయి మింగాడేమో. మరిచిపోయి తింటే ఉపవాసం చెడదు, పాపమూ రాదు. ఆ ముద్ద దేవుడే పెట్టాడనుకోవాలి. ఏం జిలాలీ, మరిచిపోయావు కదూ?”

“ఈయనకి మరుపా!” ఖద్దూర్ వెక్కిరించాడు. “నెల్లాళ్లు సాగే కథ ఒక్క పేరు తప్పకుండా చెబుతాడు. మరుపంటే మనం నమ్మాలా, ఇమాం గారూ?”

జిలాలీ జవాబు చెప్పబోయి నోరు తెరిచాడు. యామ్నా అతన్ని మాట్లాడనివ్వలేదు. డప్పుని హమ్మూ గంప మీద పడేసి, దాని చాటున ఒక కాయ పిడికిట్లో బిగించి, ఒక్క ఉదుటున లేచింది.

“మరిచిపోనూ లేదు, మింగనూ లేదు! ఈయన ఏనాడు మింగాడు గనక, ఇవాళ పాపం రావడానికి?”

“మరి కాయేదీ?” అన్నాడు అప్పుడే వచ్చిన పోలీసు.

యామ్నా మొగుడి కుడిచెయ్యి పట్టి లాగి, జుబ్బా చేతిలోకి తన చెయ్యి జొనిపి, అక్రోటు కాయని బయటికి తీసి అందరికీ చూపించింది.

“ఇదిగో! లోపల సంచీ కుట్టింది నేనే. ఇన్నేళ్లూ మీ కళ్లలో దుమ్ము కొట్టాం. చాలా? చల్లబడ్డారా?”

 మైదానమంతా గొల్లున నవ్వింది.

“నేను చెబుతూనే ఉన్నానా! జుబ్బా చెయ్యేనని మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానా!” ఖద్దూర్ ఎగిరి గంతేశాడు. తన వాదం నెగ్గేసరికి దేవుడూ పాపమూ అతనికి గుర్తే లేవు. పోలీసు కూడా నవ్వుకుంటూ వెనక్కి తిరిగాడు. హమ్మూ మాత్రం దిగాలుగా, “కడుపులోకే పోతుందని మా అత్తగారి ఊళ్లో కూడా ఒట్టేసి చెప్పానే, జిలాలీ మావా” అన్నాడు.

“సంచీ ఏమిటే? సంచీ ఎక్కడుంది?” జిలాలీ అయోమయంగా జుబ్బా తడుముకుంటున్నాడు. యామ్నా అతని రెక్క పట్టుకుని జనంలోంచి బయటికి లాక్కొచ్చింది.

ఆమెకి దుఃఖం పొంగుకొస్తోంది. కాయ మింగేవాడన్న పేరు తప్ప అతనికి వేరే ఆస్తి లేదు. దాన్ని తన చేత్తోనే మట్టిపాలు చేసింది. మరిచిపోయాడన్న ఇమాం గారి మాటకి ఊఁ అంటే సరిపోయేది, పేరూ నిలిచేది. ఆ ఊఁ ఆమె నోట రాలేదు.

సందు మలుపు తిరిగాక జిలాలీ ఆగాడు. మెడ చాచి, గొంతు నిమురుకుని, ఎక్కడో అడుగునుంచి కాయని పైకి తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. అది వెచ్చగా, తడిగా ఉంది.

“చెప్పు. ఇది జుబ్బా చేతిలోదా, కడుపులోదా?”

“కడుపులోదే.”

“మరి నలుగురిలో నన్ను మోసగాణ్ని ఎందుకు చేశావే?” అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

 యామ్నా కాయని పైగుడ్డ అంచుతో తుడిచి దాచుకుని, అతని చెయ్యి పట్టుకుని నడిచింది. ఇళ్లల్లోంచి హరీరా చారు వాసన వస్తోంది. కాసేపటికి అతని కోపం చల్లారింది. రోజూ టీ తాగే కొట్టు ముందు నిలబడి, మూసిన తలుపులకేసి వింతగా చూశాడు.

“పొద్దుట్నించీ గొంతెండిపోతోందే. ఒక్క కొట్టూ తియ్యలేదేమిటి యామ్నా, ఊళ్లో ఎవరైనా పెద్దవాళ్లు పోయారా?”