ఇరవై రెండు వేల అడుగులు

“కళ్లారా చూశానురా రాజూ. ఇంక బుకాయించకు,” అన్నాడు గోపీనాథ్.

టీ బడ్డీ ముందు బల్ల మీద కూర్చుని ఇడ్లీ తింటున్న నరసరాజు చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. చుట్టూ ఉన్న ఏడెనిమిది మందీ టీ గ్లాసులు దించేశారు. పొద్దుట ఏడు కావస్తోంది.

“ఏం చూశావు?”

“నీ ఫోను చూశాను. ఎవరి జేబులో తిరుగుతోందో చూశాను.”

మండవల్లి నడక సంఘం పెట్టింది రిటైరైన బ్యాంకు మేనేజరు శ్యామ్ సుందర్. మామూలు మనుషులు కూడా ఎక్కగలిగిన కొండదారులు లోకంలో ఎక్కడెక్కడున్నాయో ఇంటర్నెట్‌లో వెతికి పెద్ద పట్టిక తీశాడాయన. అందులోంచి నేపాల్‌లో ఒక కొండ ఎంచారు. నాలుగు రోజుల నడక. పైకెళ్లి నిలబడితే ఎదురుగా వరసగా మంచు శిఖరాలు. సంఘం తరఫున ఈ ఏడాదికి ఒక్కరినే పంపుతారు. మూడు నెలల్లో ఎవరెక్కువ నడిస్తే వాళ్లు. ఎన్ని అడుగులు వేశారో ఫోనే లెక్క కడుతుంది. రోజూ సాయంత్రం ఆ లెక్క గ్రూపులో పెట్టాలి. అదీ షరతు.

గోపీనాథ్ హైస్కూల్లో సోషల్ మాస్టారు. ఇరవై ఏడేళ్లుగా బోర్డు మీద సుద్దతో హిమాలయాలు గీస్తున్నాడు. ఏలూరులో రైలు పట్టాల మీది వంతెన కంటే ఎత్తయినది ఎక్కలేదు. పేరు మొదట ఇచ్చింది అతనే. ఆ మర్నాడే నరసరాజు కూడా ఇచ్చాడు.

ఇద్దరూ ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. ఒకే సైకిలు మీద కైకలూరు వెళ్లి చదువుకున్నారు. నరసరాజుకి చేపల చెరువులున్నాయి, కుండలాంటి పొట్ట ఉంది, వీధి చివర కొట్టుకి కూడా స్కూటరు మీద వెళ్లే అలవాటుంది. వాడు పేరిస్తే అందరితో పాటు గోపీనాథ్ కూడా నవ్వాడు.

నవ్వు నెల తిరిగేసరికి పోయింది. మంగళవారం గోపీనాథ్ అడుగులు 22,140. నరసరాజువి 22,131. బుధవారం 21,870, 21,864. తను ఎంతయితే వాడూ అంత, పక్కపక్కనే నడిచినట్టు. గోపీనాథ్‌కి నిద్ర కరువైంది. ఇంట్లోనూ చిరాకే.

“పొద్దున మూడుసార్లు ఫోన్ చేశానండీ. ఎత్తరేం?” అంది భార్య సీతారత్నం.

“నడకలో ఫోను ముట్టుకుంటే ఊపిరి తప్పుతుందే.”

“ఏమోనండీ బాబూ. బూట్లు మాత్రం భలే చూసుకుంటున్నారు. కొన్ననాటి తెలుపు తెలుపుగానే ఉంది.”

ఆఖరి రోజు రానే వచ్చింది. ఇక తేల్చుకోవాలనుకున్నాడు. అయిదింటికే కొల్లేటి గట్టుకి వెళ్లి, తన పని చూసుకుని, మోటారు షెడ్డు వెనక నిలబడ్డాడు. కాసేపటికి నరసరాజు స్కూటరు వచ్చి బాతుల మంద దగ్గర ఆగింది. మందని రోజల్లా పొలాల వెంట తిప్పే ఏసుకుమార్, రెండు జేబుల ఖాకీ చొక్కాలో, కర్ర పట్టుకుని బయల్దేరబోతున్నాడు. నరసరాజు ఫోను తీసి అతని కుడి జేబులో వేశాడు. ఏసుకుమార్ బొత్తాం పెట్టుకున్నాడు. స్కూటరు వెనక్కి తిరిగింది.

గోపీనాథ్‌కి స్నేహితుడి మీద మండింది. వీడా! ఏసుకుమార్ మీద అంతకంటే మండింది. రోజూ పలకరిస్తే నవ్వే మనిషి, ఒక్కనాడైనా నోరు జారాడా?

“రాజుగారూ, నిజమేనా?” శ్యామ్ సుందర్ అడిగాడు.

నరసరాజు ఇడ్లీ పళ్లెం పక్కన పెట్టాడు. శ్యామ్ సుందర్ తన ఫోను తీసి నరసరాజు నంబరుకి కలిపి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టాడు. ముందు బాతుల గోల వినిపించింది.

“హలో... ఎవరి కోసమండీ?”

“నరసరాజు గారి కోసం.”

“ఆయన రాలేదండీ. ఫోనొక్కటే వచ్చింది.”

బడ్డీ దగ్గర నవ్వులు పేలాయి. సంఘంలోనే ఉన్న నర్సు పెర్సిస్ మాత్రం “అయ్యో, రాజుగారూ” అంది.

“మోకాళ్లురా గోపీ,” అన్నాడు నరసరాజు మెల్లిగా. “నడవలేను. గెలిస్తే నీ చేత నాలుగు రోజులు బతిమాలించుకుని, ఆ సీటు నీకే ఇద్దామనుకున్నా.”

“కథలు చెప్పకు.”

“పోనీ, నాతో విడిగా అనుంటే సరిపోయేది కదరా. ఇంతమందిలోనా?”

“మోసగాడితో విడిగా మాటలేంటి?”

నరసరాజు లేచాడు. చెయ్యి కడుక్కున్నాడు. స్కూటరు అక్కడే వదిలేసి, ఫోను తెచ్చుకోవడానికి గట్టు వెంట కుంటుకుంటూ నడక మొదలుపెట్టాడు. ఎవరూ ఆపలేదు. గోపీనాథ్ అటు చూడలేదు. నలభై అయిదేళ్ల స్నేహం, ఇలాగా తెల్లారేది అనుకున్నాడు.

“సరే, జరిగిందేదో జరిగింది,” అన్నాడు శ్యామ్ సుందర్. “సీటు మాస్టారిదే.”

అందరూ చప్పట్లు కొట్టారు. సుద్దగీతలు తెల్లగా, ఎత్తుగా గోపీనాథ్ కళ్ల ముందు లేచి నిలబడ్డాయి.

“సాయంత్రం దాకా ఆగే వీల్లేదండీ. ఎనిమిదింటికల్లా పేరు పంపాలని యాత్ర ఏర్పాటు చేసేవాళ్ల దగ్గర్నుంచి ఇప్పుడే కబురొచ్చింది. మొత్తం అడుగులు నేనే చూసి రాసుకుంటాను. మాస్టారూ, ఏదీ, మీ ఫోను ఇటివ్వండి.”

గోపీనాథ్ జేబులో చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉండిపోయింది.

అతని ఫోను ఇంకా బాతుల వెనకే నడుస్తోంది.