పుర్రె ముసుగు మనిషి

జెద్దాలో ఆ విల్లా సాయంత్రానికే దయ్యాల కొంపయింది.

మేడం కొడుకు స్నేహితులకు హాలోవీన్ పార్టీ ఇస్తున్నాడు. గుమ్మడికాయలకు కళ్లు చెక్కారు. పనివాళ్లనూ, సరుకులు తెచ్చేవాళ్లనూ వదల్లేదు, తలా ఒక ముసుగు తగిలించారు.

మహబూబ్బీ పెద్ద గాజు గిన్నెలో దానిమ్మ రసం, నిమ్మరసం, సోడా కలుపుతోంది. అచ్చం నెత్తురులా ఉండాలట! పార్టీ సవ్యంగా జరిగితేనే ఇంటికి పంపిస్తానంది మేడం. ఊళ్లో కూతురు అమ్మ మొహమే మరిచిపోతోంది.

ఒక కుర్రాడొచ్చి, నీళ్ల సీసాలో ఉన్నది గిన్నెలోకి ఒంపి, కన్నుగీటి పోయాడు.

ఏదో ఘాటు వాసన. వెనిగరేమో అనుకుని మహబూబ్బీ ఇంకాస్త చక్కెర వేసింది.

ఐసు మూటతో వచ్చిన పుర్రె ముసుగు మనిషి గిన్నె మీదికి వంగాడు.

"అమ్మీ, ఇది పారబొయ్యి."

తెలుగే! అయినా ఆమెకు ఒళ్లు మండింది.

"పారబోసేదేంది? మేడం వస్తాంది, పక్కకు పోన్నా."

"నా మాట ఇను. చెయ్యి తియ్యి."

"నువ్వెవురప్పా నాకు చెప్పేదానికి?"

అతను బల్లను ఒక్క తోపు తోశాడు. గిన్నె భళ్లున పగిలింది.

మేడం కేకలు వేసింది. మహబూబ్బీ పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇతనే మేడం! కావాలనే తోశాడు!" అంది, వచ్చీరాని అరబ్బీలో.

మేడం అప్పటికప్పుడే ఐసు షాపు యజమానికి ఫోన్ చేసి అతని ఉద్యోగం ఊడగొట్టింది. కాపలావాడు ముసుగు పీకి, మెడపట్టి గేటు దాటించాడు.

"చేతులు సబ్బుతో కడుక్కో అమ్మీ!" అన్నాడతను వెళ్తూ.

"నీ నోట్లో మన్ను పడ!" అని తిట్టి, నేల తుడిచి, చేతులు కడుక్కుని ఇంకో గిన్నెలో మళ్లీ రసం కలిపింది.

పాటల హోరు పడలేక ఇరుగుపొరుగు ఫోన్ చేసినట్టున్నారు, కాసేపటికి పోలీసులొచ్చారు. గ్లాసులన్నీ వాసన చూశారు.

"కలిపిందెవరు?"

మహబూబ్బీ ముందుకొచ్చింది. గిన్నె కూడా వాసన చూసి వెళ్లిపోయారు.

వంటింట్లో వంటమనిషి అమీనా తుడుపుగుడ్డ వాసన చూసి ముక్కు మూసుకుంది.

"ఇది సారా మే! ఈ దేశంలో సారా ముట్టుకుంటే జైలే. ఆ గిన్నె పగలకపోయింటే నిన్నే ఎత్తుకపోయేవాళ్లు."

మహబూబ్బీ గేటు దాకా పరుగెత్తింది. వీధిలో ఎవరూ లేరు. ఏడుస్తూ వంటింట్లోకి తిరిగొచ్చింది.

"ఆ అన్న ఎవురక్కా?"

"బాబావలి. పోయినేడు పక్క సందు విల్లాలో ఇట్లనే షర్బతు కలిపి, ఇప్పటికీ జైల్లో ఉండాదే మేరాజ్ బేగం... ఆమె మొగుడు."