గోలీ మీద గ్లాసెడు పాలు

పొద్దున మెలకువ రాగానే పద్మలత ముందు తన వేళ్లను లేపాలి. అవి ఆమె కంటే గంట ఆలస్యంగా లేస్తాయి.

కణుపులు ఉబ్బాయి. పిడికిలి ముడుచుకోదు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన చేతులకు ఇప్పుడు దారం కొస కూడా అందడం లేదు. సిరిసిల్లలో ఆమెను చూసి పాపం అననివాళ్లు లేరు. అని ఊరుకున్నవాళ్లే అందరూ.

కీళ్లవాతానికి మొదట వాడిన మందులు ఆమె కాలేయానికి పడలేదు. అందుకని కరీంనగర్‌లో డాక్టర్ ఆరాధన ఒక యాంటీబయోటిక్ రాసిచ్చింది. క్రిములను చంపే మందే అయినా కీళ్లలో వాపును కూడా తగ్గిస్తుందని, మూడు నెలలు వాడి చూద్దామని చెప్పింది.

మరమగ్గాల షెడ్డులో ఓంప్రకాశ్ తన భార్య మందు సంగతి చెబితే, పక్క మగ్గం సాంబయ్య హడలగొట్టాడు. అవి మస్తు వేడి గోలీలట. పాలతో ఇయ్యకపోతే కడుపంతా మండుతదట.

పెళ్లయిన పందొమ్మిదేళ్లలో ఓంప్రకాశ్ పొయ్యి దగ్గరికి వచ్చింది రెండుసార్లు. రెండుసార్లూ బీడీ ముట్టించుకోవడానికే. అలాంటివాడు మర్నాటి నుంచి పాలు కాచడం మొదలుపెట్టాడు. మొదటిరోజు పొంగించాడు. రెండోరోజు మాడ్చాడు. వారం తిరిగేసరికి గ్లాసు పట్టుకోలేని ఆమెకు తనే తాగించడం నేర్చుకున్నాడు. తాగేదాకా మంచం అంచున కూర్చుని ఏ మగ్గం మీద పోగులు తెగాయో, సేటు ఎవరిని తిట్టాడో చెప్పేవాడు. మగ్గాల చప్పుడుకు అలవాటుపడి ఇంట్లోనూ అరిచి మాట్లాడే మనిషి గొంతు తగ్గించాడు.

"మీ ఇంటాయనను జర మా ఆయనకు చూపియ్యక్కా," అంది పక్కింటి వనజ.

"నువ్వు మంచిగైతే నా పాల డ్యూటీ బంద్," అనేవాడు ఓంప్రకాశ్ నవ్వుతూ.

మూడు నెలలు గడిచాయి. వాపు తగ్గలేదు. కుడిచేతి చిటికెన వేలు పక్కకు ఒరగడం మొదలైంది.

డాక్టర్ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. చెప్పినట్టే వేసుకుంటున్నావా అని పద్మలతను అడిగింది. జవాబు ఓంప్రకాశ్ ఇచ్చాడు.

"నేనే దగ్గరుండి ఏపిస్తున్న మేడమ్. ఒక్కరోజు తప్పలే."

ఇంకొక్క నెల చూద్దామంది డాక్టర్. వేళ్లు ఒకసారి వంకరపోతే మళ్లీ సాపు కావని కూడా చెప్పింది. పద్మలత తలూపింది.

తిరుగు బస్సు వేములవాడ దాటాక అతను మెల్లగా అడిగాడు.

"నేనేమన్న తప్పు జేస్తున్ననా పద్మా?"

"నువ్వేం తప్పు జేస్తలేవు," అంది ఆమె, కిటికీలోంచి బయటికి చూస్తూ.

మర్నాడు పొద్దున అతను గ్లాసు మీద ఊదుకుంటూ వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ఆమె గోలీ నోట్లో వేసుకుని, మీగడతో సహా చివరి చుక్క దాకా తాగింది.

పాలతో వేసుకుంటే ఈ మందు ఒంటికి పట్టదని డాక్టర్ మొదటిరోజే తనకు చెప్పిన సంగతి పద్మలత అతనికి ఇంకా చెప్పలేదు.