కత్తిరించని ఫైలు

ఆఫీసులో పక్క సీటు అమ్మాయి ఫోన్ మోగింది. మళ్ళీ అదే పాట.

వెబ్ డెవలపర్ గబగబా హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాడు. లిఫ్టులో అదే పాట. కాఫీ మెషిన్ దగ్గర ఎవరి ఈలలో చూసినా అదే పాట. విడుదలై నెల కాలేదు, జనం నోళ్ళలో నానుతోంది. బాణీ తనది, పేరు బక్కోడిది. ఒళ్ళు మండదూ మరి!

బక్కోడంటే చదువుకునే రోజుల్లో అతని రూమ్మేటు. గట్టిగా గాలొస్తే ఎగిరిపోయేలా ఉండేవాడు. ఇద్దరికీ ఒకే గది. గిటారు బక్కోడిది, పాత కంప్యూటర్ ఇతనిది. ఇద్దరూ వంతులేసుకుని ఆ గిటారు వాయించేవాళ్ళు. చదువులయ్యాక ఇతను వెబ్‌సైట్లలో పడ్డాడు, బక్కోడు పాటల్లో పడ్డాడు. పన్నెండేళ్ళ తర్వాత ఆ గదిలో పుట్టిన బాణీని బయటికి తీసి, దర్జాగా తన పేరు తగిలించుకున్నాడు.

కోడ్ రాసేటప్పుడు డెవలపర్‌కి చెవిలో ఏదో ఒక సంగీతం ఉండాలి. లేకపోతే వేళ్ళు కదలవు. ముడిపడ్డ ప్రోగ్రాం ఎట్టకేలకు దారికొచ్చినప్పుడల్లా మాత్రం అతని నోట వచ్చే కూనిరాగం ఈ బాణీయే. తనది కాకపోతే ఇన్నేళ్ళు నాలుక మీద ఎందుకుంటుంది?

"వెళ్ళి ఆయన్నే అడిగెయ్యండి. ఓ పనైపోతుంది," అంది భార్య.

"దొంగని పట్టుకుని నువ్వు దొంగవా అంటే ఔనంటాడా?"

"మరి ఎన్నాళ్ళిలా కుతకుతలాడతారు?"

ఎన్నాళ్ళో అక్కర్లేకపోయింది. బక్కోడి ఆల్బమ్‌కి వెబ్‌సైట్ చేసే పని వీళ్ళ ఆఫీసుకే వచ్చింది.

"ఆయనే నీ పేరు చెప్పి మరీ అడిగాడయ్యా. నువ్వే చెయ్యాలట," అన్నాడు బాస్.

పుండు మీద కారం చల్లడమంటే ఇదే. డెవలపర్ నవ్వుతూ తలూపాడు. లోపల మాత్రం కత్తులు నూరడం మొదలుపెట్టాడు.

మర్నాడు బక్కోడు ఆఫీసుకొచ్చాడు. ఇంకా బక్కగానే ఉన్నాడు. మీటింగ్ గదిలో ఇద్దరే ఉన్నప్పుడు ఇతని భుజం మీద చెయ్యేశాడు.

"ఒరేయ్, నువ్వు లేకపోతే ఈ పాటే లేదురా."

నాలుగ్గోడల మధ్య ఒప్పుకుంటున్నాడన్నమాట! నలుగురిలో అనడానికి మాత్రం నోరు పెగలదు. ఆ క్షణంలోనే డెవలపర్ నిర్ణయించుకున్నాడు. వీడి పరువు నలుగురిలోనే తియ్యాలి.

ఆదివారం అటక మీంచి పాత కంప్యూటర్ దింపాడు. ఇల్లంతా దుమ్మే. భార్య చీపురు పట్టుకుని గొణుగుతూనే ఉంది. రెండు గంటలు వెతికితే ఫైలు దొరికింది. పన్నెండేళ్ళ కిందటి తేదీ. తన కంప్యూటర్, తన పేరు మీద ఉన్న ఫోల్డరు.

"దొరికావురా బక్కోడా!" అని కేకేశాడు.

ఫైలు తెరిస్తే శబ్దం గీతల్లా కనబడింది. మొదట కాసేపు సన్నగా, తర్వాత ఎత్తుగా. సన్నటిది ఫ్యాను గోల అయ్యుంటుందనుకుని, ఎత్తు మొదలైన చోట నొక్కాడు. గిటారు మీద అదే బాణీ, పొల్లు పోకుండా. కళ్ళు చెమ్మగిల్లాయి. ముందున్న ముక్క కత్తిరిద్దామనుకుని ఆగిపోయాడు. కత్తిరిస్తే అతుకులేసి తెచ్చావంటారు. ఉన్నదున్నట్టు ఉంచాడు.

సైట్‌లో మొదటి పాట బటన్ వెనక ఆ ఫైలు పెట్టాడు. నొక్కగానే తెరంతా ఆ తేదీ, దాని కింద "ఈ బాణీ అసలు ఎవరిదో వినండి" అన్న అక్షరాలు వచ్చేలా రాశాడు. ఉద్యోగం ఊడుతుందని తెలుసు. ఊడనీ అనుకున్నాడు.

నాలుగు ఫోన్లలో, రెండు లాప్‌టాప్‌లలో పరీక్షించాడు. బటన్ నొక్కడం, పాట కదిలిందా లేదా చూడటం, ఆపెయ్యడం. ఎక్కడా సెకను ఆలస్యం లేదు. పనిలో అతనికి వంక పెట్టినవాడు లేడు.

శుక్రవారం ఉదయం పదకొండు, ఆల్బమ్ సైట్ ప్రారంభోత్సవం. హాలు కిటకిటలాడుతోంది. ముందు వరసలో బక్కోడి వాళ్ళమ్మ కూర్చునుంది. ఆ గదికి వచ్చినప్పుడల్లా ఇద్దరికీ వండిపెట్టిన మనిషి. డెవలపర్‌కి కాస్త జాలేసింది. ఒక్క క్షణమే. కొడుకు దొంగతనం తల్లికీ తెలియాలిగా!

బక్కోడు మైకు అందుకున్నాడు.

"ఈ బటన్ నేను నొక్కను. మావాడు నొక్కాలి. ఒరేయ్, పైకి రారా!"

చప్పట్లు మోగాయి. డెవలపర్ స్టేజీ ఎక్కాడు. బక్కోడి మొహం మాడిపోవడం కళ్ళారా చూడాలని అటే తిరిగి నిలబడి, బటన్ నొక్కాడు.

తెర మీద తేదీ వచ్చింది. అక్షరాలు వచ్చాయి. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. బక్కోడు ఆ అక్షరాలు చదివి, అయోమయంగా ఇతని వంక చూశాడు. డెవలపర్ కడుపు చల్లబడింది.

స్పీకర్లలో కాసేపు ఫ్యాను గోల వినిపించింది.

ఆ గోలలోంచి పన్నెండేళ్ళ కిందటి డెవలపర్ గొంతే హాలంతా ఖంగున మోగింది: "ఒరేయ్ బక్కోడా, పొద్దున నువ్వు కట్టిన బాణీ ఇంకోసారి వాయించరా, నువ్వు మర్చిపోకముందే రికార్డు చేసి పెడతాను."